చూరు కింద దోనె

ఇవాళ మా ఇంటికి కొత్త తాటాకు కప్పించాం. దాని మీద చినుకులు పడ్డ వాసనకి సూరమ్మత్త గోడ గుర్తొచ్చింది.

గోదావరి మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. నాకు ఏడేళ్లు. సూరమ్మత్త మా పక్కింట్లో ఒంటరిగా ఉండేది. మా చూరు నీళ్లు ఆవిడ మట్టిగోడ మొదట్లో పడేవి. వాన రాగానే ఆవిడ అక్కడ వరసగా కుండలు పెట్టేది. మా నీళ్లంటే ఆవిడకు ఇష్టమనుకున్నాను.

ఆ ఏడు నాన్నగారు తాటిమొద్దు తొలిపించి, దోనె చేయించి చూరు కింద కట్టించారు. నీళ్లన్నీ మా దొడ్లోకే వచ్చేశాయి. అత్త కుండలు ఖాళీగా ఉండటం చూసి నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడట్లేదనుకుని అరుగెక్కి దోనె కట్టు విప్పేశాను.

సాయంత్రం కుంభవృష్టి కురిసింది. పక్కకు ఒరిగిన దోనె నీళ్లన్నీ ఒక్కచోటే కుమ్మరించింది. అత్త గోడ సగం కూలి, సామానంతా తడిసిపోయింది.

"ఈ కట్టు ఎవరు విప్పేరు?" అని నాన్నగారు కేకేశారు.

సూరమ్మత్త నా వైపు ఒకసారి చూసింది. "గాలికి ఊడిపోయిందండీ, తమ్ముడుగారూ" అంది.

వాన వెలిశాక నాన్నగారు దోనె మళ్లీ గట్టిగా కట్టించి, మట్టి తొక్కించి గోడ పెట్టించారు. "రా అమ్మా, నువ్వూ ముద్దలందియ్యి" అని అత్త పిలిచింది.

అందిస్తూ అడిగాను: "ఇంక నీకు నీళ్లెలాగత్తా?"

"గోడుంటే చాలమ్మా" అని నవ్వింది.

ఆ కుండలు నీళ్ల కోసం కాదు, గోడ మొదలు నానకుండా పెట్టేదని అప్పుడు తెలిసింది. నేను కట్టు విప్పుతుంటే ఆవిడ చూసిందని మాత్రం, నాకూ పిల్లలు పుట్టి, వాళ్ల తప్పులు కాయడం మొదలుపెట్టాకే తోచింది.