రెండో మనిషి

ఢిల్లీ జనక్‌పురిలో మా పై అంతస్తులో ఉండే లైబ్రరీ ఆంటీ పోయిన సోమవారం కన్నుమూశారు. మా తెలుగు సంఘం పెద్దలు ఆవిడని ‘పిల్లలకి తెలుగు నేర్పిన తల్లి’ అంటూ సంతాప తీర్మానం రాశారు. నేర్పిన మాట నిజమే. ఆవిడ చేసిన అసలు పని మాత్రం అందులో లేదు. అది చెప్పకుండా దండ వేసి ఊరుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆవిడ బడి లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. శనివారాలు సంఘం గదిలో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల చేత నవలలు చదివించేవారు. సొంతవాళ్ల చేతుల్లోనే నలిగి బయటపడిన పిల్లల కథలు కూడా వాటిలో ఉండేవి. చాలావరకు ఇంగ్లీషువి. ఆవిడ తెలుగులో మాట్లాడితే పిల్లలు హిందీలో జవాబిచ్చేవారు. ఏ పుస్తకం ఎందుకు తీసుకున్నావని ఎవర్నీ అడగకూడదన్నది అక్కడి నియమం.

ఆ నవలలతో నాకూ పేచీ ఉండేది, ఆవిడకీ ఉండేది. నేరం చేసినవాడికి శిక్ష పడని కథ పిల్లలకెందుకని నేను వాదించేదాన్ని. ఆవిడ వేయించిన శెనగలు నములుతూ వినేవారు.

“శిక్ష సంగతి తరవాత అమ్మాయ్. వీటిల్లో పిల్ల ఒక్కసారి నోరు విప్పగానే పెద్దాళ్లు నమ్మేస్తారు. మన ఇళ్లల్లో నమ్ముతారా?”

అందుకే అలాంటి కథ అయిపోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న వేసేవారు: మొదట చెప్పిన మనిషి నమ్మకపోతే, ఈ పిల్ల రెండోసారి ఎవరికి చెప్పాలి? పిల్లలు ఆ కథలోంచే ఎవరినో వెతికి తేవాలి. బడి బస్సు డ్రైవరు, పక్కింటి ముసలమ్మ, ఆటల మాస్టారు. ఎవరూ దొరక్కపోతే రచయిత సగం పనే చేశాడని తేల్చేసేవారు. హింస నుంచి బయటపడటాన్ని ఒంటరి పిల్ల ధైర్యంగా చూపించి చప్పట్లు కొట్టించుకునే నవలల మీద నేను చాలా రాశాను. ఆ ప్రశ్నకున్న పదును నా వ్యాసాలకి లేదు.

ఒక చలికాలం శనివారం అందరూ వెళ్లినా ఒక పాప కదల్లేదు. ఇప్పుడు పెద్దదైంది, ఉద్యోగం చేస్తోంది. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. నేను కుర్చీలు సర్దుతున్నాను.

“మమ్మీకి చెప్పా ఆంటీ, మామ గురించి. అబద్ధాలాడకు అంది. సెకండ్ పర్సన్ మీరే.”

ఆంటీ గుచ్చిగుచ్చి ఏమీ అడగలేదు. నమ్మానని మాత్రం చెప్పి, తన ఇంటికి తీసుకెళ్లి, తల్లికి ఫోన్ చేశారు. తల్లి వచ్చి ఇల్లంతా అదిరేలా అరిచింది. పోటీ పరీక్షలకని వచ్చి వాళ్లింట్లో ఉంటున్న ఆమె తమ్ముడే ఆ మామ.

“అరవాలనుంటే నా మీద అరువమ్మా. మీ తమ్ముడు ఇల్లు ఖాళీ చేసేదాకా పాప ఇక్కడే ఉంటుంది. నువ్వూ ఉండొచ్చు” అన్నారు ఆంటీ, గొంతు పెంచకుండా.

సంఘంలో గగ్గోలైంది. అలాంటి పుస్తకాలు చదివే పిల్ల చెడిపోయిందన్నారు, తెలుగువాళ్ల పరువు పోయిందన్నారు. ఏ పుస్తకమూ చదవని ఆ మామ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పుస్తకాలు తీసేయనన్నందుకు గది తాళం లాక్కున్నారు. ఆవిడ ఆ పుస్తకాల అలమారాని తన హాల్లో పెట్టుకున్నారు. సగం మంది పిల్లలు రావడం మానేశారు.

పాప చెప్పిన వారంలోనే ఆ మామ ఇల్లు వదిలాడు. కేసు పెట్టాలని నేను పోట్లాడాను. ఇప్పుడు కాదంది పాప. ఆంటీ పాప మాటే నెగ్గించారు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

నాకు బాగా గుర్తుండిపోయింది, పాప ఆంటీ ఇంటికి వచ్చిన మర్నాటి మధ్యాహ్నం. నేను పైకి వెళ్తుంటే పాప తల్లి టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆంటీ తలుపు బార్లా తెరిచే ఉంది. ఆవిడ ఆమెని పిలవడం లేదు, తలుపూ వేయడం లేదు. స్టవ్ పక్కన పీట మీద కూర్చుని ఉన్నారు. విజిల్ చప్పుడు కాకుండా కుక్కర్ కింద మంట ఆర్పేశారు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టారు. బాల్కనీ ఎండలో రజాయి కప్పుకుని, నోరు తెరుచుకుని, ఆ పాప నిద్రపోతోంది.