అక్క ఇంటి విసుర్రాయి

ఎనిమిదేళ్లు నేను కడుపునొప్పి అంటే ఒక్కరూ చెవిన పెట్టలేదు. షుగర్ అంచున ఉంది, రాత్రి అన్నం మాని చపాతీ తినమని చేవెళ్లలో డాక్టరు చెప్పినప్పటి నుంచే ఇది మొదలైందని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆయన గ్యాస్ బిళ్లలు రాసి పంపేవాడు. నాకు అరగనిది చపాతీ కాదు, మంది మాటలని నా భార్య అంది. అదీ గుర్తుంది.

అన్నిటికన్నా గుర్తున్నది కనకమామిడిలో మా అక్క అన్న మాట. నాలుగేళ్ల కింద ఉగాదికి ఆమె గోధుమపిండితో చేసిన బచ్చాలు, అదే బొబ్బట్లు, నేను ముట్టలేదు. పొద్దున్నుంచి కడుపు ఉబ్బి ఉంది. పంక్తిలో అందరి ముందు నా విస్తరి చూసి, "చేవెళ్ల హోటళ్లు మరిగినోనికి నా చేతి బచ్చాలు ఎట్ల ఎక్కుతయి తమ్మీ?" అంది. అందరూ నవ్వారు. చెయ్యి కడుక్కొని బస్సెక్కాను. మళ్లీ పోలేదు. ఆమె పిలవలేదు.

నిరుడు బస్టాండులో జారి చెయ్యి ఆనించానంతే, మణికట్టు విరిగింది. పట్నం డాక్టరు ఎముకలు గుల్లబారాయని, విటమిన్ డి బాగా తక్కువుందని చెప్పాడు. వెంట వచ్చిన బావమరిది, "పొద్దంత టమాట తోటల ఉండెటోనికి ఎండ తక్కువైందా సార్?" అని నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. తోటలో నిండు చేతుల చొక్కా, తలకు రుమాలు వేసుకుంటానా అని అడిగాడు. తర్వాత కడుపు సంగతి అడిగాడు. పరీక్షలు చేయించి, గోధుమ పడక పేగు లోపలి పొర దెబ్బతిన్నదని, తిండిలోని కాల్షియం, విటమిన్లు ఒంటికి పట్టడం లేదని చెప్పాడు. ఎనిమిదేళ్లలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే.

జొన్నరొట్టె తినమన్నాడు. పిండిలో గోధుమ రవ్వంత కూడా కలవొద్దట. నేను తిరిగిన ప్రతి పిండిగిర్నీలో గోధుమలు ఆడిన రాళ్ల మధ్యే జొన్నలూ ఆడుతున్నారు.

అప్పటి నుంచి అక్క ఇంటి విసుర్రాయే కళ్లముందు తిరుగుతోంది. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. తెల్లవారి ఆ రాయి గరగర వినబడితే లేచేవాణ్ని. పొయ్యి పక్కన కూర్చుంటే రొట్టె అంచు తుంచి, ఊది, నా చేతిలో పెట్టేది. ఆ రాయిలో జొన్నలు తప్ప ఏదీ పడలేదు. నేనే విసురుకుందామంటే ఈ మణికట్టు తిరగదు.

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. డాక్టరు కాగితం ఫొటో తీసి పంపాను. చూసినట్టు నీలం గీతలు వచ్చాయి, అంతే.

అక్కా, ఆ రోజు నీ బచ్చాలను నేను కాదనలేదు, నా కడుపు కాదంది. నువ్వన్న మాట మాత్రం మరిచిపోను. అయినా జొన్నలు మూటకట్టి గడప దగ్గర పెట్టుకున్నాను. విసుర్రాయి ఉన్నదా, తీసేశావా? నన్ను రమ్మంటావా, వద్దంటావా? ఏదో ఒకటి చెప్పు.