నలభై అయిదో లైను

దెయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లు మంట. తల్లాడలో మా మేనత్త ఒకసారి చింతతోపులో తెల్లచీర తిరుగుతోందని వీధి వీధంతా హడలగొట్టింది. పదేళ్ల పిల్లను, నేనే వెళ్లి చూసొచ్చి, అది ఎవరో ఆరేసిన పంచె అత్తా అని చెప్పాను. ఆవిడ నన్ను నెల రోజులు పలకరించలేదు. ఇప్పటికీ నా తీరు అదే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నవ్వేది నాలాంటివాళ్లే.

తొంభైల మొదట్లో సంగతి. ఖమ్మంలో ఒక కాలేజీలో ఏడాది కంప్యూటర్ డిప్లొమాలో చేరాను. ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. కాలేజీలో కంప్యూటర్లు నాలుగు. వాటిలో ఒకటి ఎప్పుడూ గుడ్డ కప్పుకునే ఉండేది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి. ఇద్దరికి కలిపి ఒక మిషను, ఒక ఫ్లాపీ. ముందు నోటుబుక్కులో ప్రోగ్రాం రాసుకోవాలి, మన వంతు వచ్చినప్పుడు గబగబా కొట్టుకోవాలి. అరగంట కాగానే వెనక ఇంకొకరు నిలబడేవారు.

నా జత జోగమ్మ. భద్రాచలం అవతల, దుమ్ముగూడెం దాటి అడవిలోపల వాళ్ల ఊరు. కోయ కుటుంబం. ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు నేర్చుకుంది. కాలేజీలో మాకు నేర్పే కంప్యూటర్ భాష పేరు బేసిక్. "బేసిక్ నాకు నాలుగో బాస. అన్నిట్ల ఇదే అల్కగుంది, దీంట్ల అబద్ధాలు చెప్పరాదు" అనేది. మా తాతలు కృష్ణా జిల్లానుంచి వచ్చినవాళ్లు కాబట్టి నా మాట వేరుగా ఉండేది. నేను 'వచ్చాను' అంటే చాలు, "ఇగో, రేడియో వార్తలు షురూ అయినయ్" అని పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు ఉక్రోషం వచ్చేది, కానీ ఆమె నవ్వకపోతే ఆ రోజు రోజులా ఉండేది కాదు.

బేసిక్‌లో ప్రతి లైనుకూ ఒక నంబరు ఉంటుంది. పది, ఇరవై, ముప్పై, అలా పదేసి వదిలి రాయమనేవారు మా సారు. తర్వాత ఏదైనా ఇరికించాలంటే మధ్యలో జాగా ఉండాలి కదా. రెమ్ అని రాసి ఆ పక్కన ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదనీ, అది చదివే మనుషుల కోసమనీ కూడా ఆయనే చెప్పారు. జోగమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. నా తర్వాత వంతు తనది. నా ప్రోగ్రాం చదివి, తప్పున్న లైను కిందే, అయిదుతో ముగిసే నంబరు వేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టేది. మర్నాడు నేను తెరిస్తే 'ఇది తప్పు. తిన్నవా?' అని ఉండేది. సారు ఒకసారి చూసి ఇద్దర్నీ తిట్టారు. అయినా ఆమె మానలేదు, నేనూ మానమనలేదు.

ప్రాక్టికల్ పరీక్ష పన్నెండు రోజులుందనగా జోగమ్మ ఊరికి బయల్దేరింది. విత్తనాల పండుగ. వద్దే అని బతిమాలాను. ప్రాక్టికల్ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆమె హాస్టల్ సీటు ఆ ఒక్క ఏడాదికే. వాళ్ల ఊళ్లో అంతదాకా చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

"పండుగ కానిదే మా తాన గింజ భూమిల ఎయ్యరు విమలా. నేను లేకుంటే మా అమ్మ ఊకోదు. పరీక్ష దినం నీకన్న ముందుగాల్నే వస్త, సూడు" అంది.

వారం గడిచింది. వానలు మొదలయ్యాయి. నేను రోజూ సాయంత్రం బస్టాండుకు వెళ్లి భద్రాచలం బస్సులన్నీ చూసి వచ్చేదాన్ని. తడిసిన బస్సులోంచి జడ వేసుకున్న ఆడపిల్ల ఎవరు దిగినా నాలుగడుగులు ముందుకు వేసేదాన్ని. మా ఇంటి ఓనరమ్మ ఊరుకోలేక, "ఎవలి కోసమే గింతగనం ఎదురుచూస్తున్నవ్?" అని అడిగింది. స్నేహితురాలి కోసం అన్నాను. ఆవిడ నమ్మలేదు.

పరీక్ష పొద్దున పదకొండు గంటలకు. మా సార్లెవరినీ లోపలికి రానివ్వలేదు. వరంగల్ నుంచి వచ్చిన పరీక్షాధికారి పేర్లు పిలిచారు. జోగమ్మ పేరు రెండుసార్లు పిలిచారు. ఎర్ర పెన్నుతో 'ఆబ్సెంట్' అని రాయడం నేను నా కుర్చీలోంచి చూశాను.

చీటీ తీస్తే నాకు పది పేర్లను అక్షర క్రమంలో పెట్టే ప్రోగ్రాం వచ్చింది. ఫ్లాపీ కొత్తది. మా కళ్లముందే డబ్బా విప్పి ఇచ్చారు. ఒక మిషనుకూ ఇంకో మిషనుకూ మధ్య ఏ తీగా లేదు. ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ప్రోగ్రాం కొట్టి నడిపిస్తే యాభయ్యో లైనులో తప్పుందని వచ్చింది. ఆ లైనును ఎన్నిసార్లు చూసినా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్క కుర్చీ ఖాళీ. ఇంకో పావుగంటే ఉందన్నప్పుడు, ఏం చేయాలో తోచక మళ్లీ ప్రోగ్రాం మొత్తం తెర మీదికి తెప్పించాను.

నలభైకీ యాభైకీ మధ్యన ఒక లైను ఉంది.

45 REM VACHINA VIMALA

వచ్చిన విమలా. నేనైతే 'వచ్చాను' అంటాను. నా జన్మలో 'వచ్చిన' అని రాయలేదు. భయం వేయలేదు, నిజం. ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె ఎప్పుడూ తప్పున్న లైను కిందే రాస్తుంది కదా అని నలభయ్యో లైను చూశాను. తొమ్మిది దాకా వెళ్లి ఆగాల్సిన చోట పది అని కొట్టాను, అందుకే యాభయ్యో లైను లేని పదకొండో పేరు కోసం వెతుకుతోంది. దిద్దగానే పది పేర్లూ వరుసగా వచ్చి నిలబడ్డాయి.

ఆ లైను తీసేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. కాగితం మీద కూడా అలాగే అచ్చయి వచ్చింది. పరీక్షాధికారి దాని చుట్టూ ఎర్రసున్న చుట్టారు.

"ఇదేందమ్మా, వచ్చిన అని? ఎవలు రాసిన్రు?"

"నేనే సార్" అన్నాను. ఇంకేమనను? ఆయన తల అడ్డంగా ఊపి, మార్కులు వేసుకుని, కాగితం నా చేతికే ఇచ్చేశారు.

నేనే తెలియకుండా కొట్టి ఉంటానని అప్పుడే అనుకున్నాను. పన్నెండు రోజులుగా మనసంతా అక్కడే ఉంది, వేళ్లు కొట్టేసి ఉంటాయి. ఆ లెక్కతోనే సర్దుకునేదాన్ని, వాళ్ల ఊరు వెళ్లకపోయుంటే.

వారం తర్వాత నాన్నను తోడు తీసుకుని వెళ్లాను. జోగమ్మ వసారాలో మంచం మీద ఉంది. చలిజ్వరం. మనిషి సగమైపోయింది. నన్ను చూసి, "రేడియో వచ్చిందే" అని నవ్వబోయి దగ్గింది. పరీక్ష రోజు తెల్లారకముందే వాళ్ల నాన్నా బాబాయీ ఆమెను ఆ మంచం మీదే మోసుకుని బస్సు కోసం బయల్దేరారట. వాగు పొంగి ఉంది. తగ్గుతుందేమోనని మధ్యాహ్నం దాకా ఒడ్డునే కూర్చున్నారు. తగ్గలేదు.

"ఒడ్డుమీద ఊకె పండుకుని ఏం జెయ్యాలె? బుక్కుల పరీక్ష రాసిన" అని తలగడ కిందినుంచి నోటుబుక్కు తీసింది.

వానకు అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. పైన ఆ రోజు తేదీ. పది పేర్లను వరుసలో పెట్టే ప్రోగ్రాం. నలభయ్యో లైనులో తొమ్మిది అనే ఉంది. దాని కింద నలభై అయిదు. వచ్చిన విమలా. అవే అక్షరాలు, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

నా చేతిలోని కాగితం చూపించాను. ఇదే ప్రశ్న వస్తుందని నీకెలా తెలుసే అంటే, "తెల్వదు. అదే రాయబుద్ధయింది" అంది. మేమిద్దరం ఎక్కువసార్లు సాధన చేసింది ఆ ప్రోగ్రామే. అది నేను ఒప్పుకుంటాను. మరి ఆ లైను సంగతి? ముప్పై ఏళ్లు కంప్యూటర్ల మధ్యనే బతికాను. ఎన్ని ప్రోగ్రాముల్లో తప్పులు పట్టానో లెక్కలేదు. దీని లెక్క మాత్రం ఈ రోజుకూ తేలలేదు.

జోగమ్మకు మళ్లీ సీటు రాలేదు. ఊళ్లోనే అంగన్‌వాడీలో చేరింది. కొన్నేళ్లు ఉత్తరాలు నడిచాయి, తర్వాత వాళ్లు ఊరు మారారని విన్నాను. ఎక్కడుందో తెలియదు. ఆమె పక్కన కూర్చుని ఒక్క అరగంట కీబోర్డు కొట్టాలని ఇప్పటికీ ఎంత అనిపిస్తుందో చెప్పలేను.

ఆ రోజు మేం లేచేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎర్రసున్న చుట్టిన కాగితం ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. నవ్వడం లేదు.

"విమలా, నేనొచ్చిన అని పరీక్ష సారుకు చెప్పినవా?"

ఎవరు రాశారని ఆయన అడిగితే నేనే అన్నాను.