ఏడున్నర తులాల సత్తువ

కోయిలకుంట్ల చుట్టుపక్కల కుందూ ఒడ్డు పల్లెలకు విశ్వాసమ్మే మంత్రసాని. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె చేతుల్లో ఎందరు పుట్టారో ఆమెకే లెక్క తెలియదు. కానీ ఫలానా బిడ్డ ఎలా పుట్టిందని అడిగితే, తల ముందొచ్చిందో కాళ్ళు ముందొచ్చాయో, ఏ వేళకు ఏడ్చిందో తడుముకోకుండా చెప్పేది. తమ బావి చేదను తాకనివ్వని ఇళ్ళవాళ్ళు కూడా నొప్పులు మొదలయ్యాయంటే మాలపల్లెకు బండి కట్టి ఆమెను పిలిపించుకునేవారు. ఆ ఇంట్లో ఆ పూటకు ఆమె మాటే చెల్లాలి. అత్తలు గడప అవతల నిలబడి "ఏం కావాల విశ్వాసమ్మా?" అని అడిగేవారు. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం.

ఆ మర్యాదే ఆమెను లావు చేసింది. కాన్పు చేసిన మనిషిని కడుపు నింపకుండా పంపితే పుట్టిన బిడ్డకు మేలు కాదని ఊళ్ళల్లో ఒక నమ్మకం. మామూలు రోజుల్లో జొన్న సంగటి తినే మనిషికి పురుడైన ఇంట్లో వరిబువ్వ, గరిటెడు నెయ్యి, బెల్లం, పై నుంచి బెల్లం పూర్ణపు ఓళిగలు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. కాదనలేక తినేది. వారానికి రెండు కాన్పులున్న రోజుల్లో ఆమె తిన్నదంతా వరిబువ్వ, బెల్లమే.

1937 ఎండాకాలానికి ఆమెకు నలభై ఆరేళ్ళు. ఒక కాన్పులో గొంతుక్కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేకపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్క పట్టుకుని లేపారు. "బాలింతను లేపేదానికంటే మంత్రసానిని లేపేదే కష్టమాయనే!" అని ఒక ముసలమ్మ అంటే అందరూ నవ్వారు. విశ్వాసమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట సంగటి ముట్టలేదు.

మరునాడు పొద్దున్నే కోడలు కృపమణిని పిలిచింది. కృపమణి రెండేళ్ళుగా అత్త దగ్గరే పని నేర్చుకుంటోంది.

"ఇంకమీద నాకి పొద్దున చెంబుడు గంజి, మాపున చెంబుడు గంజి. అంతే. ఇంకేం పెట్టొద్దు."

"అంతేనా అత్తా? మనిషి నిలబడతాదా?"

"నిలబడతాది. నేను చెప్తాండా గదా."

పట్టుదల మనిషి. రెండు నెలలు గంజి తప్ప ఇంకేదీ ముట్టలేదు. పురిటిళ్ళలో పెట్టినవి మూటగట్టి కొడుక్కు తెచ్చేది. రవికలు వదులయ్యాయి. ఆదివారం ప్రార్థనకు పోతే గుడిలో ఆడవాళ్ళు ఆమెను చూసి బుగ్గలు నొక్కుకుంటుంటే నిటారుగా కూర్చునేది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని గానీ, కూర్చుని లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని గానీ ఎవరికీ చెప్పలేదు.

తొలకరి వానల వేళ పక్క ఊళ్ళో ఒక తొలి కాన్పుకు పోయింది. పిల్ల అలిసిపోయి ఉంది. వెనక నుంచి నడుము ఎత్తి పట్టుకుంటే తప్ప బిడ్డ దిగేలా లేదు. ఎన్ని వందల సార్లు పట్టిన పట్టో! ఆ రోజు పట్టీపట్టగానే విశ్వాసమ్మ చేతులు వణికాయి. బిగించి చూసింది. జారిపోయాయి. కృపమణి ఒక్క ఉదుటున వచ్చి అత్తను పక్కకు తప్పించి తాను పట్టుకుంది. బిడ్డ బాగానే పుట్టింది, తల్లి బాగానే ఉంది. దారిలో కృపమణి అత్త చేతిలోని మూట తాను తీసుకుని నడిచింది. అది చూసి విశ్వాసమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లావుగా ఉన్నప్పుడు మోకాళ్ళే పోయాయి. ఇప్పుడు చేతులు పోయాయి. చేతులు పోయాక మంత్రసాని దేనికి?

వారం తిరక్కుండా మిషన్ ఆసుపత్రికి పోయింది. తన చేతికి లొంగని కాన్పులను ఆమె బండిలో వేసుకుని తెచ్చేది అక్కడికే. నర్సు జ్ఞానమణి ఆమెకు బాగా తెలుసు. కమలాపురం పిల్ల, మద్రాసులో చదివి వచ్చింది. విశ్వాసమ్మ దాచకుండా అంతా చెప్పింది.

జ్ఞానమణి ఆమెను తూకం మీద నిలబెట్టింది. నూట డెబ్భై పౌన్లు. తర్వాత మోచేతికి పైన దండ పట్టుకుని నొక్కి చూసింది.

"చూడు పెద్దమ్మా, నువ్వు కొవ్వొకటే కరగబెట్టలేదు. కండ కూడా కరగబెట్టుకున్నావు. గంజిలో ఏముండాది? ఒంటికి కావాల్సింది దొరక్కపోతే ఒళ్ళు తన కండనే తినేస్తాది."

"అయితే మళ్ళీ తిని లావు కావల్నా?"

"వద్దు. తగ్గు. కానీ కండ పోకుండా తగ్గు. నీ ఎత్తుకు నూట యాభై పౌన్లు చాలు. ఆ బరువులో ఇరవై పౌన్లకు ఒక తులం లెక్కన మాంసకృత్తులు రోజూ కడుపులో పడాల. అంటే ఏడున్నర తులాలు."

విశ్వాసమ్మ నవ్వేసింది. "ఏడున్నర తులాల మాంసమే కదా! పండగనాడు అంతకంటే ఎక్కువే తింటాను పాపా."

"మాంసం కాదు పెద్దమ్మా, మాంసకృత్తులు. కండ కట్టే సత్తువ. అది ఉలవల్లో ఉండాది, కందిపప్పులో ఉండాది, గుడ్డులో, పెరుగులో ఉండాది. తొమ్మిది తులాల ఉలవలు తింటే అందులో ఆ సత్తువ రెండు తులాలే. రెండు గుడ్లు కలిస్తే ఒక తులం. అట్ల కూడబెట్టుకుంటా పోవాల. సంగటి సగం ముద్ద చెయ్యి. బెల్లం, నెయ్యి మానెయ్యి. పప్పు మాత్రం తగ్గించొద్దు."

విశ్వాసమ్మకు చదువు రాదు గానీ చేతి అంచనా ఉంది. ఊరికి రాగానే అంగడికి పోయి తొమ్మిది తులాల ఉలవలు తూయించి, వాటిని గుప్పిట్లోకి తీసుకుంది. సరిగ్గా రెండు పిడికిళ్ళు. ఏడు తులాల కందిపప్పు పిడికిలిన్నర. ఆ తర్వాత తక్కెడ అవసరం రాలేదు. పొద్దున గుగ్గిళ్ళు, రెండు గుడ్లు. మధ్యాహ్నం సగం ముద్ద సంగటి, దాని మీద గట్టి పప్పు. పొద్దుగూకే లోపల రెండు చెంబుల చిక్కటి మజ్జిగ, చిన్న రొట్టె. కుందూలో చేపలు పడిన రోజు చేప. కృపమణి వండిపెట్టేది, విశ్వాసమ్మ వేళ్ళ మీద తులాలు లెక్కపెట్టుకుని ఏడున్నర పూర్తయ్యాకే చెయ్యి కడిగేది.

చిక్కు వచ్చింది పురిటిళ్ళల్లో. నరసన్న అనే పెద్ద రైతు ఇంట్లో కోడలికి కాన్పు చేశాక, ఆయన భార్య లక్ష్మక్క ఆకు వేసి ఓళిగలు పెట్టబోయింది. విశ్వాసమ్మ చేతులు జోడించింది.

"అమ్మా, ఇవి వద్దు. పెట్టాలనుంటే రెండు పిడికిళ్ళు ఉలవలు, చెంబుడు పెరుగు ఇయ్యండి."

"ఉలవలా? మా ఎద్దులకు పెట్టేది నీకి పెడితే ఊరు ఏమనుకుంటాది?"

"మీ ఎద్దులు పొద్దుగూకులూ దున్నుతాండాయి గదమ్మా. నేనూ కష్టం చేసే మనిషినే."

లక్ష్మక్క లోపలికి పోయి ఉలవలు చాటెడు పోసింది, పెరుగు దుత్తతో సహా ఇచ్చింది. ఆ మాట పల్లెలన్నీ తిరిగింది. కొందరు ఎగతాళి చేశారు. కానీ తర్వాత ఏ పురిటింటికి పోయినా మంత్రసాని వాటా కింద ఉలవలో, గుడ్లో, పెరుగో పెట్టడం అలవాటైంది.

బరువు ఈసారి మెల్లగా దిగింది. నెలకు రెండు మూడు పౌన్లు. ఆసుపత్రికి పోయినప్పుడల్లా తూకం ఎక్కి దిగేది. జ్ఞానమణి ముందు దండ నొక్కి చూసి, తర్వాతే ముల్లు చూసేది.

మరుసటి ఏడు వానాకాలం చివర, నరసన్న తన కూతురి కాన్పుకని పొలాల అవతలి తన ఊరి నుంచి బండి తెచ్చాడు. రెండు కోసుల దారి. నల్లరేగడి మూడు రోజుల వానకు నానిపోయి, సగం దారిలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎద్దులు కదలలేదు. నరసన్న తల పట్టుకున్నాడు.

"ఇంకొక కాడెద్దులు తెప్పిస్తా, ఈడనే కూర్చో విశ్వాసమ్మా."

"అంత సేపు నీ బిడ్డ ఆగుతాదా అయ్యా?" అని ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని బురదలోకి దిగింది. కృపమణి వెనక నడిచింది. అడుగు తీస్తే శేరు మట్టి కాలికి అంటుకొచ్చేది. విదిలించుకుంటూ నడిచింది. ఎద్దులను వదిలి కూడా నడిచిన నరసన్న కంటే ఊరి పొలిమేరకు ఆమే ముందు చేరింది.

బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. అట్లాంటి కాన్పులో తొందరపడితే బిడ్డ దక్కదు, మంత్రసాని అలిసిపోతే తల్లి దక్కదు. విశ్వాసమ్మ మూడు గంటలు గొంతుక్కూర్చునే ఉంది. ఒక చేత్తో తల్లి పొట్టను ఆనించి పట్టుకుని, ఇంకో చేత్తో రాబోయే కాళ్ళకు ఆసరా ఇచ్చి, "ఊపిరి పీల్చు తల్లీ, ఇంకొక్క నొప్పి, ఇంకొక్కటే" అంటూనే ఉంది. చేతులు వణకలేదు. ముందు నడుము, తర్వాత భుజాలు, చివరికి తల వచ్చాయి. ఆడబిడ్డ. వెన్ను మీద రెండు చరుపులు చరిస్తే గానీ ఏడవలేదు. ఏడ్చాక మాత్రం ఇల్లంతా వినబడింది.

లక్ష్మక్క గడప అవతల నుంచి లోపలికి వచ్చి, అంటూ ముట్టూ చూడకుండా విశ్వాసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ఈ చేతులు మా ఇంటికి దేవుడిచ్చినాడు" అంది. ఇన్నేళ్ళలో పురిటి నొప్పుల్లో తప్ప ఆ ఇంటి ఆడవాళ్ళు ఆమెను తాకడం అదే మొదలు. విశ్వాసమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు.

తర్వాత రెండేళ్ళకు మిషన్ ఆసుపత్రిలో చుట్టుపక్కల మంత్రసానులందరినీ పిలిచి శుభ్రత పాఠాలు చెప్పారు. జ్ఞానమణి విశ్వాసమ్మను లేపి నిలబెట్టి, "తిండి సంగతి ఈమె చెప్తాది" అంది. ఆమె మొదట సిగ్గుపడింది. ఆ తర్వాత ఎవరూ ఆపలేకపోయారు. ఒక్కొక్కరినీ తూకం ఎక్కించి, ఎంతకు దిగాలో జ్ఞానమణిని అడిగి, ఇరవై పౌన్లకు తులం లెక్కను వాళ్ళ పిడికిళ్ళల్లోకి మార్చి చూపించింది. "నీ చెయ్యి చిన్నది, నీకి మూడు పిడికిళ్ళు. నీది పెద్దది, రెండు చాలు."

ఆదోని వైపు నుంచి ఈ ఊళ్ళకు వచ్చిన ఉరుకుందమ్మ అనే బక్కపలుచని మంత్రసాని వెనక వరసలో కూర్చుని ఉంది. "నాకి తగ్గేకి యాడుందక్కా ఒళ్ళు?" అంది.

విశ్వాసమ్మ ఆమె దగ్గరికి పోయి దండ నొక్కి చూసింది. "నీకి తగ్గే పని లేదు. నువ్వు పెరగాల. ఇంట్లో అందరికీ పెట్టి అడుగున మిగిలింది తింటాండావు గదా? రేపట్నించి నీ పప్పు ముందు తీసి పెట్టుకో. అడిగితే నేను చెప్పినానని చెప్పు."

ఉరుకుందమ్మ తలూపింది. విశ్వాసమ్మ ఆ పూట నూట నలభై ఎనిమిది పౌన్లు తూగింది. కుందూ ఒడ్డున ఇంకో కాన్పు ఉందని కబురొస్తే, భోజనానికి కూడా ఆగకుండా రెండు ఉడికిన గుడ్లు కొంగున కట్టుకుని కృపమణితో నడిచిపోయింది.