కరెంటు మీద నెట్టేసిన తప్పు

తొంభైల చివర్లో మా చోడవరంలో ఏ వస్తువు పాడైనా కరెంటు వల్లే పాడయ్యేది. ఫ్యానైనా, టీవీ అయినా, పొలంలో మోటారైనా సరే. కారణం చెప్పగానే ఎదుటి మనిషి తలూపి ఊరుకునేవాడు. రెండో ప్రశ్న వేసేవాడు కాదు. చెరకు తోటల్లో మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు మా వీధిలో ట్యూబులైట్లు కొట్టుకోవడం అందరూ చూసిందే కదా.

ఆ నమ్మకాన్ని నేనొకసారి వాడుకున్నాను. ఫలితంగా ఒక మంచి మనిషి తప్పు చేయకుండానే తనని తాను తిట్టుకుంటూ తిరిగాడు. నన్ను ఆ గోతిలోంచి బయటికి లాగినవాళ్లలో చాలామంది మొహాలు నేను ఈ రోజుకీ చూడలేదు. వాళ్ల మేలు గురించి రాద్దామనే మొదలుపెట్టాను. నా సంగతి దాచి వాళ్ల సంగతి చెప్పడం మాత్రం కుదరడం లేదు.

నేను పనిచేసిన కొట్టులో ఒకే ఒక కంప్యూటరు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు కంపోజు చేసేవాళ్లం. యజమానిది అనకాపల్లి. రోజూ పొద్దున్న బస్సులో వచ్చి సాయంత్రం వెళ్లేవాడు. ఊళ్లో హిందువులూ ముస్లింలూ అందరికీ ఆయన భాయే. కంప్యూటరు కొనకముందు సైన్‌బోర్డులు రాసేవాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో సగం దుకాణాల పేర్లు ఆయన కుంచెవే. యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. అప్పుడు కుంచె పక్కన పెట్టి, మౌసు పట్టుకుని, తన అక్షరాలన్నీ కంప్యూటర్లో గీసుకోవడం మొదలుపెట్టాడు. ఒక గీత, ఆ గీతకి ఒక వంపు, ఆ వంపుకి ఒక సవరణ. గుణింతాలు, ఒత్తులు, 'శ్రీరస్తు', 'శుభమస్తు' అన్నీ. ఖాళీ దొరికినప్పుడల్లా గీస్తూ రెండేళ్లు పట్టింది. రావికమతం నుంచి, చీడికాడ నుంచి జనం మా కొట్టుకే శుభలేఖలకి వచ్చేవారంటే ఆ అక్షరాల కోసమే.

"ఫ్లాపీల్లోకి ఓ కాపీ ఎక్కించరా" అని ఆయన చాలాసార్లు చెప్పాడు. రేపు చేస్తానన్నాను. చెయ్యలేదు.

అప్పట్లో నేను విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా ఒక కంప్యూటరు పత్రిక కొనేవాణ్ణి. ఒక నెల దాంతో పాటు ఒక సీడీ ఇచ్చారు. అందులో లినక్స్ ఉంది. ప్రపంచం నలుమూలలా ఉన్నవాళ్లు కలిసి రాసిన ఆపరేటింగ్ సిస్టమనీ, అది నేర్చుకున్నవాడికి ఎదురుండదనీ పత్రికలో చదివాను. ఎదురుండకపోవడం అన్న మాట నా తలకెక్కింది. మా ఊళ్లో దాని పేరు విన్నవాడే లేడు. నేనే మొదటివాణ్ణి కావాలి. భాయ్‌ని అడిగితే ఒప్పుకోడని తెలుసు కనక అడగలేదు.

ఆయన రాని ఒక ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి పనికి కూర్చున్నాను. హార్డ్‌డిస్కులో ఉన్న ఒకే భాగాన్ని రెండుగా కోశాను. ముందు భాగం పాత విండోస్‌కీ, వెనక భాగం లినక్స్‌కీ. ఎక్కించడం సాఫీగానే అయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఎల్, ఐ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. లినక్సూ లేదు, విండోసూ లేదు. భయం పట్టుకుంది. చేసిందంతా చెరిపేస్తే పాత స్థితికి వస్తుందనుకున్నాను. ఆ భయంలో లినక్స్ భాగంతో పాటు మొదటి భాగాన్నీ తీసేశాను. ఈసారి ఆ రెండక్షరాలు కూడా రాలేదు.

మర్నాడు భాయ్ వచ్చాడు. "ఏటయిందిరా?"

"కరెంటు భాయ్" అన్నాను.

ఆయన అడ్డం చెప్పలేదు. అంతటితో ఆగినా బాగుండేది. కుర్చీలో కూలబడి నుదురు కొట్టుకున్నాడు. "శనివారం బస్సెల్లిపోతాదని నాను మెయిను దించేసేను సూడు. నువ్వు కంప్యూటరు కట్టేసేవో నేదో కూడా అడగనేదు. నా సేతుల్తో నానే పాడు సేసుకున్నాను."

అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. పైగా లోపల ఎక్కడో తేలిగ్గా అనిపించింది. ఇన్నేళ్లయినా నన్ను సిగ్గుపెట్టేది డిస్కు చెరపడం కాదు, ఆ తేలిక.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. భాయ్ మళ్లీ కుంచె తీసి, ఎడంచేత్తో కుడి మణికట్టు అదిమిపట్టుకుని, శీర్షికలు చేత్తో రాయడం మొదలుపెట్టాడు. మిగతా మేటరు బయట కంపోజు చేయించేవాళ్లం. కూతురి శుభలేఖలకి రావికమతం నుంచి వచ్చిన ఒక రైతు ఆ గీతలు చూసి, "ఏటి భాయ్, మా గుంట పెళ్లికి అచ్చరాలకి సలిజొరం వచ్చిందేటి?" అన్నాడు. కొట్టంతా నవ్వింది. భాయ్ కూడా నవ్వాడు. నేను ప్రశ్నపత్రాల కట్టలోకి తల దూర్చాను.

ఆ అక్షరాలు తిరిగి రాకపోతే మళ్లీ గీయడం ఆ చేతి వల్ల కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

లినక్స్ వాడేవాళ్లు ఈమెయిళ్లలో ఒకరికొకరు సాయం చేసుకునే బృందం ఒకటుందని ఆ పత్రికలోనే చదివాను. ఒకరు ప్రశ్న పంపితే బృందంలో అందరికీ చేరుతుంది. తెలిసినవాళ్లు జవాబిస్తారు, అదీ అందరికీ చేరుతుంది. చోడవరంలో ఇంటర్నెట్ లేదు. ఆ సీడీ పెట్టి చూస్తే డిస్కు గురించి తెర మీద కనిపించిన అంకెలన్నీ కాగితం మీద ఎక్కించుకుని, గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్ల వెనక నత్తలా నడిచే బస్సులో విశాఖ వెళ్లి, ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. అక్కడా అదే అబద్ధం. ఉన్నట్టుండి కరెంటు పోయింది, తర్వాత కంప్యూటరు లేవడం లేదు.

మరుసటి వారం వెళ్లి చూస్తే జవాబులు వరసగా ఉన్నాయి. బెంగుళూరు నుంచి ఒకాయన, పూనా నుంచి ఒక విద్యార్థిని, ఏ దేశమో తెలియని మరొకాయన. నేను రాసిన ఒక్కొక్క వాక్యాన్నీ ఎత్తి రాసి, దాని కింద ఓపిగ్గా తమ మాట రాశారు. ఆలస్యమైనందుకు ఒకాయన క్షమాపణ కూడా అడిగాడు. నేనెవరో, ఎలాంటివాణ్ణో వాళ్లకి తెలియదు. వాళ్లు చెప్పినవన్నీ రాసుకుని వచ్చి ఒక్కొక్కటీ చేసి చూశాను. ఏదీ పనిచెయ్యలేదు. మళ్లీ వెళ్లి రాశాను. తర్వాతి ఆదివారం వెళ్లి చూస్తే బెంగుళూరాయన, కరెంటు దెబ్బకి డిస్కులో సమాచారం పోయినట్టుంది, కొత్తగా భాగాలు చేసి ఫార్మాట్ చేసుకోండి, ఇంతకన్నా మంచి కబురు చెప్పలేనందుకు బాధగా ఉంది అని రాశాడు. నేను చెప్పిన కథకి అది సరైన వైద్యమే. సోమవారం ఆ పని చేసేద్దామని నిశ్చయించుకున్నాను.

దాని కింద ఇంకో జవాబు ఉంది. విశాఖలోనే పోర్టులో ఉద్యోగం చేసే ఒకాయన రాశారు. 'మీరు పంపిన అంకెల ప్రకారం ఆ డిస్కులో భాగాలే లేవు. కరెంటు పోతే చిందరవందర అవుతుంది గానీ ఇంత శుభ్రంగా తుడిచిపెట్టుకుపోదు. ఎవరో తీసేశారు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తిట్టరు. నేను మా బావమరిది కంప్యూటరు మీద ఇదే ఘనకార్యం చేశాను. ఏం చేశారో మొదటి నుంచి వరసగా చెప్పండి. అందాకా ఆ డిస్కు మీద ఏమీ రాయకండి.'

ఆ జవాబు రెండుసార్లు చదివాను. తర్వాత రాశాను. సీడీ, ఆదివారం, రెండు భాగాలు, ఎల్, ఐ, తీసేయడం. ముక్కూమొహం తెలియనివాళ్లకి నిజం చెప్పడం ఇంత సుళువా అనిపించింది. నేను ఇంకా అక్కడుండగానే జవాబొచ్చింది. 'మంచిది. అయితే ఫైళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ఫార్మాట్ చేస్తే మాత్రం ఉండవు. ఆదివారం మేం కొందరం కలుస్తాం, డిస్కు పట్టుకురండి.'

అంటే సోమవారం నేను చెయ్యబోయిన పని ఆ అక్షరాలని నిజంగానే పూడ్చిపెట్టేది. అదీ మంచి మనసుతో సాయం చేసిన ఒక మనిషి మాట ప్రకారం. నా అబద్ధం ఆయన చేత ఆ మాట చెప్పించింది. ఆ సంగతి తిరుగు బస్సులో అర్థమైంది.

భాయ్‌కి చెప్పకుండా డిస్కు విప్పడం కుదరదు. మర్నాడు ఆయన ఒక శీర్షిక రాస్తుంటే ఎదురుగా నిలబడ్డాను.

"భాయ్, కరెంటు కాదు."

"మరేటి?"

"నేనే. మీరు లేనప్పుడు కొత్తదేదో ఎక్కిద్దామని డిస్కుని కోశాను. భయపడి అంతా తీసేశాను."

ఆయన కుంచెని నీళ్లలో పెట్టాడు. "నాను మెయిను దించేసినందుకు కాదా?"

"కాదు."

"మా ఇంట్లో దానికి కూడా సెప్పేసేను, నా తొందర వల్లే పోయిందని. రోజూ అదే అనుకుంటన్నాం." రాస్తున్న కాగితం పక్కకి జరిపాడు. "అచ్చరాలున్నాయా, పోయేయా? అది సెప్పు ముందు."

"ఉండొచ్చంటున్నారు."

"ఎవులు?"

"నాకూ తెలీదు భాయ్. నేనెప్పుడూ చూళ్లేదు వాళ్లని."

"సూడనోళ్లకి నిజం సెప్పేవు. పక్కనున్నోడికి సెప్పనేదు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆదివారం నానూ వస్తాను. డిస్కు నా దగ్గిరే ఉంటాది."

శనివారం విప్పి ఇచ్చాను. తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. ఆదివారం అనకాపల్లిలో కలుసుకుని విశాఖ బస్సెక్కాం. దారంతా ఆ మూట ఆయన ఒళ్లోనే ఉంది. నేనొకసారి చెయ్యి చాపితే, "ఒద్దులే బాబూ" అన్నాడు. ఆ 'బాబూ' ఒరే అన్నదానికన్నా గట్టిగా తగిలింది.

ఒక ట్యూటోరియల్ కాలేజీ మేడ మీద గదిలో కలిశారు వాళ్లు. కాలేజీ కుర్రాళ్లు, ఒక లెక్చరరు, మధ్యలో పోర్టు ఆయన. ఇంటర్నెట్లో ఆయన జవాబులు చదివి నేను ఊహించుకున్న మహానుభావుడు కాదు, జేబు నిండా ఫ్లాపీలతో, జారిపోయే కళ్లజోడుతో ఉన్న మామూలు మనిషి. డిస్కుని వాళ్ల కంప్యూటరుకి తగిలించి, ఏదీ మార్చకుండా ముందు చూడటం మొదలుపెట్టారు.

భాయ్ ఉండబట్టలేక అడిగాడు. "బాబూ, నాకు తెలిసేలాగ సెప్పండి. ఉన్నాయా?"

పోర్టు ఆయన కుర్చీ తిప్పి కూర్చున్నారు. "మీది చెరకు ఊరు కదండీ. మీ కుర్రాడు పొలంలో గట్టు చెరిపేశాడు. పంట కొయ్యలేదు. అవతలి సగంలో ఏదో చల్లాడు గానీ మీ సగంలోకి రాలేదు. గట్టు ఎక్కడుండేదో తెలిస్తే మళ్లీ వేసేయొచ్చు."

"ఎక్కడుండేదో ఎలాగ తెలుస్తాది?"

"మీ భాగం మొదట్లోనే దాని పొడుగెంతో రాసి ఉంటుంది. అదే వెతుకుతున్నాను."

దొరికింది. ఆ అంకె ప్రకారం పాత హద్దులు మళ్లీ వేశారు. ఫార్మాట్ చెయ్యలేదు. ఆ హద్దులు తప్ప కొత్తగా ఏదీ రాయలేదు. ఫైళ్ల పేర్లు తెర మీద ఒక్కొక్కటిగా పైకి జరిగాయి. పక్కనున్న ఇంకో కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచి చూపించారు. ఆయన 'శ్రీ' నల్లగా, నిండుగా, వణుకు లేకుండా నిలబడి ఉంది. భాయ్ తెర దగ్గరికి వంగి, "తర్వాతది సూపించండి... తర్వాతది" అంటూ గుణింతాలు, ఒత్తులు అన్నీ చూసేదాకా ఊరుకోలేదు. లెక్చరరు తన భోజనం డబ్బా అక్కడే పెట్టుకుని, తినకుండా, ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తూ కూర్చున్నారు. కుర్రాళ్లు అప్పటికప్పుడు ఒక సీడీలో అన్నీ ఎక్కించి, పైన భాయ్ పేరు రాసి ఇచ్చారు.

"మీకేటి ఇచ్చుకోమంటారు?" అన్నాడు భాయ్.

"ఏమీ వద్దండి. మీ కుర్రాణ్ణి ఒక్క ఉత్తరం రాయమనండి. ఏం జరిగింది, ఎలా బాగైంది, మొత్తం. బృందంలో పెట్టాలి. ఇలాంటి పని చేసే మొనగాడు ఇంకోడు ఉంటాడు. వాడికి పనికొస్తుంది." అది వాళ్ల పద్ధతి. సాయం అందుకున్నవాడు చివరికి నిజంగా ఏం జరిగిందో అందరికీ రాయాలి. తీర్చవలసిన రుణం అంతే.

అక్కడే కూర్చుని రాశాను. బెంగుళూరాయన్ని పేరుపెట్టి క్షమించమని అడిగాను, ఆయన సలహా తప్పు కాదనీ నా మాట తప్పనీ చెప్పాను. తప్పు తనదేనని యజమాని అనుకుంటుంటే ఊరుకున్నానని కూడా రాశాను. భాయ్ తెలుగులో చదివి చెప్పమంటే చెప్పాను.

"ఆ ఆఖరి ముక్క ఎందుకురా, దేశాలన్నీ సదువుతాయి?"

"ఉంచుతాను భాయ్."

"సర్లే. ఇంగ్లీషులో రాసేవు. మా ఇంట్లోది సదవదు కదా. దానికి నువ్వే వచ్చి సెప్పు."

ఆ మనుషులకి నేను చేసిందేమీ లేదు. తర్వాత చాలా ఏళ్లు ఆ బృందంలో కొత్తవాళ్ల ప్రశ్నలకి జవాబులు రాశాను. వాళ్లు నాకు రాసినట్టే, ఎదుటివాడి వాక్యం కింద నా వాక్యం. ఎవరైనా కరెంటు పోయింది అని రాస్తే, తిట్టను, ముందు ఏం చేశారో చెప్పండి అని అడిగేవాణ్ణి. ఆ ఓపిక నా స్వభావంలో లేదు. వాళ్ల దగ్గర తెచ్చుకున్నదే.

ఆ సాయంత్రం అనకాపల్లిలో దిగి భాయ్ వెనక వాళ్లింటికి నడిచాను. గుమ్మంలోకి వచ్చిన ఆయన భార్యకి చెప్పులు విప్పకుండానే అంతా చెప్పేశాను. విప్పితే ధైర్యం చాలదనిపించింది. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఈ మనిసి ఇన్నాళ్లూ ఒట్టి పున్యానికి అన్నం మానేసేడా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "లోపలికి రా. మొకం పీక్కుపోయింది, ముందు తిను. తిట్టడం తర్వాత తిడతాను."

తిన్నాను. కంచం ఎత్తాక ఆవిడ చెప్పినట్టే తిట్టింది. భాయ్ మధ్యలో ఒకసారి, "సాల్లేవే" అన్నాడు. ఆవిడ ఆపలేదు. నేనూ లేవలేదు.