తమ్ముడి వంతు

మా చిన్నప్పుడు... మంగంపేటలో పొద్దు గూకేసరికి ఇంటింటా టీవీ సీరియళ్ళు మొదలయ్యేవి. మా ఇంట్లో మాత్రం నాయిన చాప పరిచేవాడు. కుటుంబ ప్రార్థన.

నాయిన ముగ్గురాయిని పొడిచేసే మిల్లులో పనిచేసేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కనుబొమ్మల్లో ఆ తెల్లపొడి మిగిలే ఉండేది. మా సంఘంలో ఆయన పెద్ద. ఆదివారం ఆయన ప్రార్థన ఎత్తుకుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పరలోకపు తండ్రి మనల్ని ఎంత ఓపికగా సాకుతాడో ఆయనలా చెప్పేవాళ్ళు లేరని అనుకునేవాళ్ళు.

ఆ ఓపిక ఇంటిదాకా వచ్చేది కాదు...

చాప మీద ఒక్కొక్కరం ఒక్కో వచనం చదవాలి. పెద్దదాన్ని నేను చదివాక తమ్ముడు సామేలు వంతు. వాడికి నత్తి. నాతో గోలీలాడేటప్పుడు, అమ్మ పక్కన కూర్చుని శనక్కాయలు ఒలిచేటప్పుడు మాటలు బాగానే వచ్చేవి. నాయిన ముందు బైబిలు తెరిస్తే చాలు... మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. మెడ నరాలు ఉబ్బేవి. కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"సదువురా. నోరు తెరిచి సదువు," అనేవాడు నాయిన.

వాడు చదివేదాకా ఎవరమూ లేవకూడదు. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చినా సరే... అమ్మ లేవడానికి లేదు.

ఒక ఏడాది క్రిస్మస్‌కు గుడిలో పిల్లలచేత వాక్యాలు చెప్పించారు. సామేలు చెప్పాల్సిందేనని నాయిన పట్టుబట్టాడు. "వానికి వద్దులే అయ్యా, శానా భయపడతాండాడు," అని అమ్మ బతిమాలింది. వినలేదు. దేవుని ప్రేమను గురించిన చిన్న వాక్యం అది. వారమంతా నేర్పించాను వాడికి. నా ముందు ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

గుడిలో కొత్త చొక్కా వేసుకుని, రంగు కాగితాల కింద నిలబడ్డాడు. మొదలుపెట్టాడు కూడా. 'ప్రేమ' దగ్గర మాట ఆగిపోయింది. ప... ప... అంటూ ఉండిపోయాడు. ముందు వరుసలో ఎవరో పిల్లలు నవ్వారు. తర్వాత పెద్దవాళ్ళూ నవ్వారు.

నాయిన లేచి వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయాడు. అమ్మా నేనూ వెనకే పరిగెత్తాం. మెట్ల దగ్గర, చెప్పుల మధ్య, వాడి చెంప మీద కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు...

"దేవుని మాట పలకను పనికిరాని నోరు ఎందుకురా నీకు?"

లోపల పాట మొదలైంది. నాయిన చొక్కా సర్దుకుని లోపలికి పోబోయాడు. అమ్మ ఆయనకు అడ్డంగా నిలబడింది. అంతకుముందు ఎన్నడూ ఎదురు మాట్లాడని మనిషి.

"వాడు పలకకున్నా దేవునికి ఇనపడతాదయ్యా. నీకే ఇనపడదు," అంది.

ఆ రోజు మేము ముగ్గురం మళ్ళీ గుడిలోకి పోలేదు. అమ్మ ఆ మెట్ల మీదే కూర్చుని, సామేలును ఒళ్ళోకి లాక్కుంది.

మరుసటి రోజు నుంచి తమ్ముణ్ణి చాప మీద కూర్చోనివ్వలేదు అమ్మ. వంటింట్లో సంగటి కెలుకుతూ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేది. "నువ్వు మనసులో చెప్పుకో నాయినా. అయిపోతానే నా చెయ్యి నొక్కు. ఆమెన్ నేను చెప్తా," అనేది. వాడు కళ్ళు మూసుకుని ఏం చెప్పుకునేవాడో... చాలాసేపు చెప్పుకునేవాడు. చెయ్యి నొక్కగానే అమ్మ నిదానంగా "ఆమెన్" అనేది. దేవుడు మనిషిని ప్రేమిస్తాడంటే నమ్మడానికి నాకు ఆ వంటిల్లు సరిపోయింది.

తమ్ముడికి సరిపోలేదు.

నేను డిగ్రీలో ఉండగా అమ్మ జబ్బుచేసి పోయింది. సమాధి దగ్గర మట్టి వేశాక, అందరూ చూస్తుండగా నాయిన వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "సామేలూ... మీయమ్మకు నువ్వంటే ప్రాణం. నువ్వు ప్రార్థన చెయ్యి నాయినా," అన్నాడు. అంత మెత్తగా ఆయన వాడితో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

వాడు చాలా కష్టపడి మాట కూడదీసుకున్నాడు.

"నా నోరు... ప... పనికిరాదంటివి గద."

భుజం మీది నాయిన చెయ్యి తీసేసి వాడు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు గుడి మెట్లెక్కలేదు. నాయినతో మాట్లాడనూ లేదు.

ఇప్పుడు నేను కర్నూలు పక్కన కల్లూరులో ఉంటున్నాను. అన్నం ముందు మా పాప చేసే ప్రార్థనలో వీధిలోని కుక్కపిల్లల పేర్లన్నీ రావాల్సిందే. ఒకదాని పేరు మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి. కూర చల్లారిపోతుంది. మా ఆయనా నేనూ కళ్ళు మూసుకుని కాచుకుని ఉంటాం. ఆ కాసేపట్లోనే, దేవుడు మమ్మల్ని ఎట్లా భరిస్తున్నాడో నాకు కాస్త తెలిసివస్తుంది.

నాయిన వచ్చినప్పుడు ఆయన కూడా కాచుకుంటాడు... ఎంతసేపైనా. "ఎంత బాగా చేస్తాండాదో పాప," అని మురిసిపోతాడు. వయసుతో మెత్తబడ్డాడని బంధువులంటారు. నిజమే. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాకు సంతోషం కాదు, కోపం వస్తుంది. ఈ మనిషి ఇంత కాలం ఎక్కడున్నాడు...

సామేలు కూడా ఈ ఊళ్ళోనే ఉంటాడు. నాయిన లేనప్పుడు చూసుకుని వస్తాడు. మేము తలలు వంచగానే లేచి వరండాలోకి పోతాడు.

"మామ ఎందుకు పోతాడమ్మా?" అని పాప అడుగుతుంది. నేను వాడి కంచం మీద మూత పెడతాను.

అందరూ కలిసి మోకాళ్ళూనే సాయంత్రాలు ఇప్పుడు ఇళ్ళలో తగ్గిపోయాయని సంఘంలో పెద్దవాళ్ళు బాధపడుతుంటారు. వాళ్ళతో కలిసి బాధపడాలనే ఉంటుంది... పూర్తిగా చేతకాదు.

మీ ఇంట్లో ఎలా ఉండేది? దేవుని ప్రేమ మీకు మొదట ఎవరి దగ్గర కనిపించింది... ఎవరి దగ్గర కనిపించకుండా పోయింది? చెప్పాలనిపిస్తే చెప్పండి.