పెద్దమ్మ నూనె మానేసిన ఏడాది

మా పెద్దమ్మది పెద్ద చెయ్యి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వందలమందికి వండి అలవాటైన ఆ చెయ్యి ఇంట్లో నలుగురికి వండేటప్పుడు మాత్రం ఎందుకు తగ్గుతుంది? కూర గిన్నె వంచితే ముందు నూనె వచ్చేది, తర్వాత ముక్కలు. పెదనాన్న లొట్టలేసుకుంటూ తినేవాడు. వేపుళ్లకు వాడిన నూనెను ఆవిడ పారబోసేది కాదు. గుడ్డలో వడగట్టి, నల్లబడేదాకా మళ్లీ మళ్లీ కాచేది. పొదుపు చేస్తున్నాననుకునేది పాపం.

ఓ ఉదయం పనికి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూనే పెదనాన్న గుండె పట్టుకుని కూలిపోయాడు. మరి లేవలేదు. చూడవచ్చినవాళ్లలో ఒకావిడ అందరూ వింటుండగా, "ఆ నూనె తిండి తింటే ఎన్నాళ్లుంటాడు?" అనేసింది. ఆ నోరు పడిపోను! పెద్దమ్మ తలెత్తలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో చుక్క నూనె లేదు, వెన్న లేదు. పాల మీద మీగడ కూడా తీసి పారేసేది. ఏదైనా ఉడకబెట్టి ఉప్పు వెయ్యడమే. ఆవిడ కూతురు, మా అక్క, అక్కడే ఉండి ఉద్యోగానికి వెళ్లేది. అక్కకు ఏడాది పాప, తల్లిపాలు మానేసింది. ఆ పాపను పెద్దమ్మే చూసుకునేది. మేం ఏదైనా అనబోతే, "నా చేత్తో ఇంకొకళ్లని పోగొట్టుకోలేను" అనేది. అంత మాట అన్నాక ఎవరు నోరెత్తుతాం?

పాప ఎదగలేదు. ఒళ్లంతా పొడిబారింది, చేతులు పుల్లలయ్యాయి. చూసి చూసి అక్క డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. పెద్దమ్మా, నేనూ వెంట వెళ్లాం. ఏం పెడుతున్నారో డాక్టరమ్మ అడిగి తెలుసుకుంది.

"పసిపిల్లకి కొవ్వు కావాలమ్మా. మెదడు బాగా పెరిగేది ఈ వయసులోనే. కొన్ని విటమిన్లు కొవ్వు లేకపోతే ఒంటికి పట్టవు. మీగడ తియ్యకండి. అన్నంలో కాస్త మంచి నూనె కలపండి."

"నూనె వల్లే మా ఆయన పోయాడు," అంది పెద్దమ్మ. "నేనే చంపుకున్నానా? ఉన్నదున్నట్టు చెప్పండి."

డాక్టరమ్మ అన్నీ అడిగింది. ఆయన కాల్చిన సిగరెట్లు, మానేసిన బీపీ మాత్రలు, నల్లబడ్డ నూనె, అన్నీ విని, "మీ వంట ఒక్కటే కాదమ్మా," అంది.

ఒక్కటే కాదంటే, అందులో అదీ ఉందనేగా. పెద్దమ్మకు ఆ మాత్రం తెలియకపోదు. అబద్ధం చెప్పి ఉంటే డాక్టరమ్మ సొమ్మేం పోయేదని నాకు ఒళ్లు మండింది.

ఇంటికి రాగానే అక్క కొత్త నూనె సీసా తెచ్చి పెట్టింది. పాప ఆకలికి ఏడుస్తోంది. మెత్తగా పిసికిన అన్నం ముందు పెద్దమ్మ చెంచా పట్టుకుని కూర్చుంది. నూనె చెంచాలోకి వంచబోయి నేల మీద ఒలకబోసింది.

"నువ్వెయ్యవే. నా వల్ల కాదు."

"నేను ఆఫీసుకి పోతే రేపెవరేస్తారమ్మా?"

పెద్దమ్మ భుజంతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చెంచాలోకి వంచుకుంది. అన్నంలో కొంచెం వేసి ఆగింది.

"చాలా?" అని అడిగింది. వంట విషయంలో ఆవిడ ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ వినలేదు.

"ఇంకొంచెం వెయ్యమ్మా," అంది అక్క.

పెద్దమ్మ వేసింది. కలిపి ముద్ద చేసి, పాప నోటి దగ్గర పెట్టింది.